ఫ్రాన్సిస్ డే: నదీమత్స్యముల పక్షమున నిలిచిన ఉద్యోగి

గోదావరి తీరవాసులకు కాటన్ దొర పేరు తెలియనిది కాదు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియై డెల్టాను సస్యశ్యామల మొనర్చెను. అదే సంవత్సరమున మద్రాసు వైద్యశాఖలో చేరిన మరియొక ఆంగ్లేయుడు ఫ్రాన్సిస్ డే. శాస్త్రలోకమున సుప్రసిద్ధుడైనను, ఆయన మన నదులకు చేసిన సేవను స్మరించువారు అరుదు.

డే 1829 మార్చి 2వ తేదీన ఇంగ్లండులోని ససెక్సు మండలమందు, మేర్స్‌ఫీల్డు గ్రామమున జన్మించెను. లండనులోని సెంట్ జార్జి వైద్యశాలలో విద్య నభ్యసించి, ఈస్టిండియా కంపెనీ కొలువున మన దేశమునకు వచ్చెను. రెండవ బర్మా యుద్ధమున పనిచేసెను. పిమ్మట కొచ్చిన్‌లో ఉండి, ఆ రాజ్యచరిత్రను 1863లోను, మలబారు మత్స్యములను గూర్చిన గ్రంథమును 1865లోను ప్రకటించెను. వైద్యము ఆయనకు వృత్తి. మత్స్యములు ఆయన మనసు దోచుకొన్న వ్యాసంగము.

1867లో ఒక విశేషము జరిగెను. నదులకు అడ్డముగా కట్టు ఆనకట్టల వలన తీరప్రాంత మత్స్యసంపదకు హాని కలుగవచ్చునని కాటన్ దొరయే స్వయముగా ప్రభుత్వమునకు తెలియజేసెను. పులస సముద్రమున పెరిగి, వానకాలమున కొత్తనీరు రాగానే నదికి ఎదురీది, మంచినీటియందు గ్రుడ్లు పెట్టును. అడ్డుకట్ట ఎదురైనచో క్రిందనే గుమిగూడి వలలపాలగును. పుస్తెలమ్మియైనను తినవలెనని మనవారు చెప్పుకొను చేప గతి ఇది!

ఈ విషయముపై విచారణ డేకు అప్పగింపబడెను. 1871లో ఆయన భారతదేశ మత్స్యశాఖకు ఇన్‌స్పెక్టరు జనరలుగ నియమితుడయ్యెను. నదులను స్వయముగ పరిశీలించుటయే గాక, కలెక్టర్లకును తహసీల్దార్లకును ప్రశ్నలు పంపి సమాధానములు రాబట్టెను. 1873 నాటి ఆయన నివేదికయందు ఆ సమాధానములు కుప్పలుగ కలవు. ఆనకట్టలను తీసివేయుమని ఆయన కోరలేదు. వానియందు చేపలకు దారి యుంచవలెననియు, వల కన్నులు మరీ సన్నముగ ఉండరాదనియు, పిల్లచేపలను కాపాడవలెననియు సూచించెను.

1875 నుండి 1878 వరకు భాగములుగ వెలువడిన ఆయన భారత మత్స్యగ్రంథము నేటికిని ప్రామాణికము. 1877లో ఉద్యోగము విరమించి స్వదేశమున నివసించుచు, 1889 జూలై 10వ తేదీన చెల్టన్‌హామ్‌లో మరణించెను. ఎనిమిదేండ్ల పిమ్మట, 1897లో, భారత మత్స్యచట్టము వచ్చెను. అది ప్రేలుడు పదార్థములతోను విషముతోను చేపలు పట్టుటను నిషేధించెను గాని, ఆనకట్టలకు చేపల దారి యుండవలెనని విధింపలేదు.

ఆ లోపము చిరకాలము నిలిచెను. కావేరి పాయయైన కొల్లిడముపై కట్టిన చేపల మెట్లు ఫలింపలేదు. సాల్మను చేప దూకగలదు, పులస దూకదు. ఏ చేపకు ఏ దారి తగునో తెలియక కట్టినచో ధనము వ్యర్థమగును. 1975లో ఫరక్కా బరాజు పనిచేయ నారంభించిన పిదప, గంగలో అలహాబాదు వరకు పోవుచుండిన పులస మిక్కిలి క్షీణించెను.

చేపకు దారి యున్నను నీరు లేనిచో ప్రయోజనమేమి? 2018 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఎగువ గంగకు కనీసప్రవాహమును నిర్ణయించెను. నవంబరు నుండి మార్చి వరకు సహజప్రవాహమున 20 శాతము, అక్టోబరు, ఏప్రిలు, మే నెలలలో 25 శాతము, జూను నుండి సెప్టెంబరు వరకు 30 శాతము నదిలో విడువవలెను. అంతరించు ప్రమాదమున ఉన్న బంగారు మహసీరు వానకాలమున గ్రుడ్లు పెట్టుటకై ఎగువకు పోవునది ఈ నీటిలోనే.

పైరుకు నీరు ఎంత అవసరమో కాటన్ మనకు చూపెను. నదికిని తన పాలు కలదని డే చెప్పెను. ఆనకట్ట తలుపులు ఎత్తు వేళను, దించు వేళను నిర్ణయించు అధికారులు ఈ ఇరువురిని ఒక్కసారిగ తలచుకొనుట మేలు.