విల్కీ కాలిన్సు: పేరులేనివారి కథకుడు

అపరాధ పరిశోధక నవల యనగానే పాఠకులకు మొదట స్ఫురించు పేరు షెర్లాక్ హోమ్సు. కానన్ డాయిల్ ఆ పాత్రను లోకమునకు చూపినది 1887లో. అంతకు పందొమ్మిది యేండ్ల పూర్వమే, 1868లో, ఇంగ్లండులో ఒక బృహన్నవల వెలువడెను. ఒక ఇంట రాత్రికి రాత్రి మాయమైన వజ్రము, దానిని వెదకవచ్చిన పోలీసు ఉద్యోగి, ఇంటిలోని ప్రతివారిని అనుమానింపవలసిన పరిస్థితి - ఇదియే అందలి కథ. ఆ నవల పేరు 'ది మూన్‌స్టోన్'. రచయిత విల్కీ కాలిన్సు. తన కాలమున డికెన్సు సరసన నిలిచిన ఈ రచయిత ఇరువదికి పైగా నవలలు వ్రాసెను. తరువాతి తరములవారు వానిలో రెండింటిని మాత్రము జ్ఞాపకముంచుకొని, తక్కినవానిని చాలవరకు మరచిరి. ఆయన జీవితమును పరిశీలించినచో ఆ మరుగుపడిన నవలలును ఎందుకు చదువదగినవో తెలియగలదు.

విలియం విల్కీ కాలిన్సు 1824 జనవరి 8వ తేదీన లండను నగరమందలి మేరిల్‌బోన్ ప్రాంతమున జన్మించెను. తండ్రి విలియం కాలిన్సు రాయల్ అకాడమీ సభ్యుడు. సముద్రతీరములను, పల్లెపట్టుల జీవనమును చిత్రించుటలో పేరుగాంచినవాడు. తన మిత్రుడును ప్రఖ్యాత చిత్రకారుడును అగు డేవిడ్ విల్కీ పేరునే ఆయన పెద్దకుమారునకు పెట్టెను. రెండవ కుమారుడు చార్లెసు కూడ చిత్రకారుడే యయ్యెను. 1836లో, విల్కీకి పండ్రెండేండ్ల ప్రాయమున, కుటుంబమంతయు ఇటలీకి ప్రయాణమై రెండు సంవత్సరములు విదేశములందే గడపెను. అచ్చటి చిత్రములును, వీధులును, మనుష్యులును తనకు బడికంటె ఎక్కువ నేర్పినవని ఆయన తరువాతి కాలమున చెప్పుకొనెడివాడు.

స్వదేశమునకు తిరిగివచ్చిన పిమ్మట ఆ బాలుడు ఒక వసతి పాఠశాలలో చేరెను. పొట్టి రూపము, ఒకవైపు ఉబ్బెత్తుగానున్న నుదురు, తోటిపిల్లల పరిహాసమునకు చాలినవి. రాత్రివేళ ఒక పెద్ద విద్యార్థి ఆతనిచేత కథ చెప్పించుకొననిదే నిద్రపోనిచ్చెడివాడు కాడు. చెప్పనిచో దెబ్బలు తప్పవు. విల్కీ కథలల్లుట నేర్చినది ఆ భయములోనే.

1841లో తండ్రి ఆతనిని తేయాకు వర్తకుల కార్యాలయమున ఉద్యోగమునకు చేర్చెను. లెక్కలకంటె కథలే ఎక్కువగా వ్రాయుచుండుట చూచి, 1846లో న్యాయశాస్త్రము చదువ పంపెను. 1851లో విల్కీ న్యాయవాదిగా పట్టము పొందెను గాని వృత్తి సాగింపలేదు. అయినను ఆ చదువు వృథా కాలేదు. సాక్ష్యముల విలువ, వీలునామాల మెలికలు, వివాహచట్టములలోని అన్యాయములు ఆయనకు జీవితాంతము కథావస్తువులైనవి. 1847లో తండ్రి మరణించెను. మరుసటి యేట తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను. అదియే ఆయన మొదటి గ్రంథము. 1849లో ఆయన స్వయముగా చిత్రించిన ప్రకృతిదృశ్యమొకటి రాయల్ అకాడమీ ప్రదర్శనమున చోటు సంపాదించెను. కాని ఆయన కుంచెను విడిచి కలమునే పట్టెను.

1851లో అగస్టస్ ఎగ్ అను చిత్రకారుని ద్వారా ఆయనకు చార్లెసు డికెన్సుతో పరిచయము కలిగెను. డికెన్సు నడపుచుండిన ఔత్సాహిక నాటకములందు కాలిన్సు పాత్రధారియయ్యెను. ఆయన పత్రికలందు రచయితయయ్యెను. 1860లో తమ్ముడు చార్లెసు డికెన్సు కుమార్తెను వివాహమాడుటతో బంధువు కూడ నయ్యెను. పన్నెండేండ్లు పెద్దవాడగు ఆ మహారచయిత నీడ ఆయనకు ఆశ్రయమిచ్చెను. పిమ్మట ఆ నీడయే ఆయన కీర్తిని కప్పివేసెనని చెప్పవచ్చును.

1856లో పారిసునందు ఒక పాతపుస్తకముల దుకాణమున ప్రసిద్ధ ఫ్రెంచి వ్యాజ్యముల సంపుటములు కాలిన్సుకు దొరకెను. అందొక దీనురాలి కథ కలదు. ఆస్తికొరకు బంధువులు ఆమెను బంధించి, చనిపోయినదని లోకమును నమ్మించిరి. ఆ బీజమునుండి పుట్టినదే 'ది ఉమన్ ఇన్ వైట్' అను నవల. 1859 నవంబరు మొదలు 1860 ఆగస్టు వరకు డికెన్సు పత్రికలో అది ధారావాహికగా వెలువడెను. తెల్లని దుస్తులు ధరించి అర్ధరాత్రి దారిలో కనబడిన యువతి, ఆమెను పోలిన మరియొక యువతి, ఒకరి పేరును మరియొకరికి అంటగట్టి ఉన్మాదశాలలో బంధించు కుట్ర - ఈ కథను కాలిన్సు ఒక్కరి నోట చెప్పింపలేదు. న్యాయస్థానమున సాక్షులవలె పలువురు తాము చూచినంతవరకే చెప్పుదురు. కథానాయకుడు చిత్రలేఖనము నేర్పు ఉపాధ్యాయుడు; చిత్రకారుని కన్ను, న్యాయవాది పద్ధతి ఆ నవలలో ఏకమైనవి. పాఠకుల ఉత్సాహమునకు మేర లేకపోయెను. ఆ నవల పేరుతో పరిమళద్రవ్యములును, దుస్తులును, నాట్యసంగీతమును కూడ విపణికి వచ్చెను.

'ది మూన్‌స్టోన్' భారతదేశముతో ముడిపడిన నవల. 1799లో శ్రీరంగపట్టణము ముట్టడిలో ఒక ఆంగ్ల సైనికాధికారి హత్యచేసి అపహరించిన వజ్రమే అందలి మణి. కథలో అది మొదట సోమనాథమునందలి చంద్రదేవునిది. ఈ కల్పనకు కోహినూరును, రష్యా చక్రవర్తి రాజదండమందలి వజ్రమును తనకు ప్రేరణలైనవని రచయిత పీఠికలో తెలిపెను. ఆ రెండును గోల్కొండ రాజ్యపు గనులలో పుట్టినవని ప్రతీతి; కోహినూరు జన్మస్థానముగా కృష్ణాతీరమందలి కొల్లూరును చెప్పుదురు. కావున ఈ ఆంగ్లనవల మూలము వెదకుచు పోయినచో తెలుగునేలకే చేరవచ్చును.

1857 తిరుగుబాటు తరువాత ఇంగ్లండులో భారతీయులపై క్రోధము చల్లారని దినములవి. అట్టి సమయమున మొదటి దొంగ ఆంగ్లేయుడే యని చూపుటకు ధైర్యము కావలెను. మణిని వెదకుచు సముద్రము దాటి, గారడివాండ్ర వేషములు వేసి, కులమును సైతము కోల్పోయిన ముగ్గురు బ్రాహ్మణులను కాలిన్సు నిర్దోషులుగా చిత్రింపలేదు. కాని వారి నిష్ఠను గౌరవముతో చిత్రించెను.

ఈ నవలలోని సార్జెంట్ కఫ్ పాత్రకు జొనాథన్ విచర్ అను నిజమైన డిటెక్టివు మాతృక. 1860లో రోడ్ గ్రామమున జరిగిన శిశుహత్యలో, మాయమైన ఒక రాత్రివస్త్రము ఆధారముగా విచర్ ఒక గొప్పయింటి పిల్లను అనుమానించి లోకనిందకు గురియయ్యెను. 1865లో ఆమె నేరమును ఒప్పుకొనుటతో ఆయన ఊహ నిజమని తేలెను. కాలిన్సు నవలలో కూడ రాత్రివస్త్రమే ఆధారము. తలుపుపై తడియారని రంగు చెదరినది. ఆ రంగు ఎవరి బట్టకు అంటినదో తెలిసిన దొంగ తెలియును. రంగు ఆరుటకు పట్టు కాలమునుబట్టి నేరము జరిగిన వేళను లెక్కింపవలెనను ఊహ చిత్రకారుని ఇంట పుట్టిన రచయితకు తగినదే. దొంగ యెవరో చదువనివారికి చెప్పుట భావ్యము కాదు.

ఆ రచన నడుమ, 1868 మార్చిలో, తల్లి మరణించెను. వాతరోగము కన్నులకు సోకి, ఆయన కొంతభాగమును పడుకొనియే చెప్పి వ్రాయించెను. బాధోపశమనమునకై సేవించిన నల్లమందు ద్రావకము జీవితాంతము ఆయనను వదలలేదు. నల్లమందు ప్రభావము ఆ నవల కథలో కూడ ముఖ్యస్థానము వహించుట గమనింపదగినది.

ఈ రెండు నవలల నడుమ 1862లో వెలువడిన 'నో నేమ్' అంతటి ఆదరము నోచుకొనలేదు. తల్లిదండ్రులు మరణించిన పిమ్మట, తాము పుట్టునాటికి వారికి వివాహము కాలేదని ఇద్దరు అక్కచెల్లెండ్రకు తెలియును. తరువాత వివాహము జరిగినను నాటి ఆంగ్లచట్టము వారిని సంతానముగా అంగీకరింపదు. ఒక్కదినమున ఇల్లును, ఆస్తియు, పేరును కూడ పోవును. నేరము లేనివారిపై శిక్ష వేయు చట్టమును కాలిన్సు ఈ నవలలో బోనులో నిలిపెను.

కాని ఆయన స్వజీవితమే ఆ ప్రశ్నకు గురియయ్యెను. ఆయన వివాహమాడలేదు. కారొలిన్ గ్రేవ్సు అను వితంతువుతో ఒక ఇంటను, మార్తా రడ్ అను స్త్రీతో మరియొక ఇంటను సంసారము నడపెను. మార్తాకు 1869, 1874 సంవత్సరముల నడుమ ముగ్గురు బిడ్డలు కలిగిరి. ఆ ఇంట ఆయన డాసన్ అను మారుపేరుతో మెలగెను; బిడ్డలకును ఆ పేరే వచ్చెను. పేరులేని బిడ్డల పక్షమున అంత గట్టిగా వాదించినవాడు తన బిడ్డలకు తన పేరు ఇయ్యలేదు. ఈ లోపమును కప్పిపుచ్చ పనిలేదు. అయినను వీలునామాలో ఆ ముగ్గురిని తన సంతానముగా అంగీకరించి, ఆస్తిని రెండు కుటుంబములకును సమముగా పంచెను.

1870లో డికెన్సు గతించెను. పిమ్మట కాలిన్సు రచనలందు పట్టు సడలినదని విమర్శకులు తలచిరి. ఆ తీర్పు అన్నిటికి వర్తింపదు. 1875 నాటి 'ది లా అండ్ ది లేడీ'లో భర్తపై పడిన హత్యానిందను తొలగించుటకు భార్యయే పరిశోధకురాలగును. నేరము రుజువు కాలేదని మాత్రమే చెప్పి, నిర్దోషియని చెప్పని స్కాట్లండు న్యాయస్థానపు తీర్పు ఆమెకు చాలదు. వనితను పరిశోధకురాలిగా నిలిపిన తొలి ఆంగ్లనవలలలో అదియొకటి.

1889 సెప్టెంబరు 23వ తేదీన కాలిన్సు లండనులో కన్నుమూసెను. చివరి నవలను మిత్రుడు వాల్టర్ బెసంట్ పూర్తిచేసెను. అటుపిమ్మట చాలకాలము విమర్శకులు ఆయనను చిన్నచూపు చూచిరి. 1927లో కవి టి. ఎస్. ఎలియట్ వ్యాసము వ్రాసి, ఆధునిక ఆంగ్ల పరిశోధక నవలలలో 'ది మూన్‌స్టోన్' మొదటిదియు, ఉత్తమమును అని నిర్ణయించెను. చలనచిత్రములును ఆయనను వదలలేదు: 1934లో 'ది మూన్‌స్టోన్', 1948లో 'ది ఉమన్ ఇన్ వైట్' అమెరికాలో తెరకెక్కెను. రెండవదానిలో కుటిలుడైన కౌంట్ ఫాస్కోగా సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్ నటించెను.

1850లో మిలే చిత్రించిన యువకుడగు కాలిన్సు రూపచిత్రము లండను నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో భద్రపరుపబడెను. అందు ఆయన వ్రేళ్లకొనలు చేర్చి, కళ్లజోడు చాటునుండి ఎదుటివారి మాట ఓపికతో వినుచున్నట్లు కానవచ్చును. విద్యార్థులు 'ది మూన్‌స్టోన్'తో ప్రారంభింపవచ్చును. కాని అచ్చటనే ఆగరాదు. 'నో నేమ్' పుటలలో, దొంగ ఎవరను ప్రశ్నకంటె పెద్దదగు ప్రశ్న వారికి ఎదురగును: మనిషికి పేరు ఇచ్చునదెవరు, తీసికొను అధికారమెవరిది?