సిద్ధంగా ఉండటం నేర్పిన బేడెన్ పవెల్



ప్రతి ఏడూ ఫిబ్రవరి 22న స్కౌట్స్ వాళ్ళం ఒక తెల్లాయన ఫోటోకి దండ వేస్తాం. ఆయన ఎవరు అని అడిగితే స్కౌట్ ఉద్యమం పెట్టినాయన అని చెప్పి ఊరుకుంటాం. ఆయన జీవితం చదివాక నాకు రెండు సంగతులు బాగా పట్టుకున్నాయి. ఒకటి, ఆపద వచ్చాక వస్తువులు వెతుక్కునేవాడికీ, రాకముందే చేతిలో పెట్టుకుని వాడటం నేర్చుకున్నవాడికీ చాలా తేడా ఉంది. రెండోది ఆయన చేసిన మంచిలో కాదు, చెయ్యకుండా వదిలేసిన దాంట్లో ఉంది. రెండూ రాస్తాను, చదవండి.

బాల్యం

రాబర్ట్ బేడెన్ పవెల్ 1857 ఫిబ్రవరి 22న లండన్ నగరంలో పుట్టాడు. తండ్రి ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరు. పిల్లవాడికి మూడేళ్ళప్పుడే ఆయన చనిపోయాడు. తల్లి హెన్రియెట్టా గ్రేస్ ఇంతమంది పిల్లల్నీ ఒక్కతే పెంచుకొచ్చింది. సెలవులొస్తే అన్నదమ్ములంతా కలిసి పడవ నడపటం, ఆరుబయట పడుకోవడం, సొంతంగా వండుకోవడం చేసేవాళ్ళు.

స్కాలర్‌షిప్ మీద చార్టర్‌హౌస్ అనే స్కూల్లో చేరాడు. ఆ స్కూలు పక్కనే చిన్న అడవి ఉండేది. అందులోకి పిల్లలు పోకూడదు. ఈయన మాత్రం పోయేవాడు. కుందేలుని పట్టి, పొగ కనిపిస్తే మాస్టర్లు వస్తారని పొగ రాకుండా మంట పెట్టి కాల్చుకు తినేవాడు. పొగ రాకుండా మంట పెట్టాలంటే బాగా ఎండిన సన్న పుల్లలు ఏరాలి, మంట చిన్నగా ఉంచాలి. ఇది మనలో చాలామందికి పశువులు కాసేటప్పుడే వచ్చిన విద్య. ఆయన దాన్ని తర్వాత ప్రపంచానికంతా పాఠంగా చెప్పాడు.

ఆక్స్‌ఫర్డ్‌లో సీటు రాలేదు. 1876లో సైన్యం పరీక్ష రాస్తే అశ్విక దళానికి రెండో ర్యాంకు వచ్చింది. అలా 19 ఏళ్ళ వయసులో మన దేశానికే, లక్నోకి వచ్చాడు.

సైన్యంలో

సైనికులకి కవాతు, తుపాకి కాల్చడం బాగా వచ్చుగానీ, ఒంటరిగా అడవిలో వదిలేస్తే దారి తెలియదని, నీళ్ళు ఎక్కడుంటాయో తెలియదని ఆయన గమనించాడు. 1897లో మీరట్‌లో ఒక దళానికి అధికారిగా వచ్చాక వాళ్ళని చిన్న చిన్న గుంపులుగా చేసి అడుగుల జాడ చూడటం, నక్షత్రాలతో దిక్కు తెలుసుకోవడం, తమ వంట తాము చేసుకోవడం నేర్పించాడు. నేర్చుకున్నవాళ్ళకి ఉత్తర దిక్కుని చూపించే బాణం గుర్తు బ్యాడ్జి ఇచ్చాడు. ఈనాటి స్కౌట్ గుర్తు అదే.

ఈ విద్యలో చాలా భాగం ఆయన ఆఫ్రికాలో నేర్చుకున్నాడు. అక్కడి వాళ్ళు వంగిన గడ్డిని చూసి ఎవరు, ఎప్పుడు, ఎటు పోయారో చెప్పేవాళ్ళు. అయితే మిత్రులారా, ఒక మాట దాచకుండా రాయాలి. ఆయన అక్కడికి పోయింది ఆ ప్రజల నేలని బ్రిటిష్ వాళ్ళకి గెలిచిపెట్టడానికి. 1896లో మాటబెలే యుద్ధంలో లొంగిపోయిన ఒక నాయకుణ్ణి కాల్పించినందుకు ఆయన మీద విచారణ కూడా జరిగింది. తప్పు లేదని వదిలేశారు. అడవి విద్య ఇచ్చినవాళ్ళ మీదకే తుపాకి ఎత్తడం నాకు నచ్చలేదు.

మెఫికింగ్ ముట్టడి

దక్షిణాఫ్రికాలో మెఫికింగ్ అని రైలు దారి మీద ఒక చిన్న ఊరు. 1899 అక్టోబరులో బోయర్లు దాన్ని చుట్టుముట్టారు. లోపలి సైన్యానికి అధికారి బేడెన్ పవెల్. వాళ్ళ దగ్గర పెద్ద ఫిరంగి ఉంది, ఈయన దగ్గర లేదు. సైన్యం కూడా వాళ్ళదే పెద్దది. అయినా 217 రోజులు ఊరు పడిపోలేదు. ఎలా నిలబడింది అన్నదే అసలు పాఠం.

మొదటిది తిండి. యుద్ధం రాకముందే వీల్ అనే వ్యాపారి గోదాముల్లో పెద్ద ఎత్తున సరుకు తెప్పించి పెట్టారు. అంత డబ్బు చేతిలో లేకపోతే, లార్డ్ ఎడ్వర్డ్ సెసిల్ అనే అధికారి ఐదు లక్షల పౌన్లకి నోటు రాసిచ్చాడు. రైలు ఆగిపోయాక కొందామంటే ఎవరు అమ్ముతారు? ఆ ముందుచూపే లేకపోతే ఊరు కొన్ని వారాల్లోనే చేతులెత్తేసేది.

రెండోది తలదాచుకునే చోటు. నేలలో గోతులు తవ్వి, పైన రైలు పట్టాలు పరిచి, మట్టి కప్పారు. బోయర్ల ఫిరంగి ఎటు తిరుగుతుందో చూడటానికి ఒక మనిషిని పెట్టారు. అది ఊరివైపు తిరగ్గానే గంట కొట్టేవాడు. గంట వినగానే ఎవరు ఏ గోతిలోకి దిగాలో అందరికీ ముందే తెలుసు.

మూడోది ఉన్న వస్తువుని పనికొచ్చేలా మార్చడం. రైల్వే వర్క్‌షాపులో ఇనుప గొట్టంతో ఫిరంగి తయారు చేశారు. ఒక పాత ఫిరంగి గేటు స్తంభంగా పాతి ఉంటే పెకలించి తెచ్చి వాడారు. బిస్కెట్ డబ్బా రేకుతో సెర్చిలైటు చేసి, ఒక్కదాన్నే రోజుకో చోట వెలిగించి చాలా ఉన్నాయని శత్రువుని నమ్మించారు. ఇసుక నింపిన పెట్టెల్ని మందుపాతరలని చెప్పి ఊరి చుట్టూ పాతిపెట్టారు.

నాలుగోది పిల్లలు. తొమ్మిదేళ్ళు దాటిన మగపిల్లల్ని దళంగా చేసి కబుర్లు మోసే పని అప్పజెప్పారు. వాళ్ళ నాయకుడు గుడ్‌ఇయర్ వయసు 13 ఏళ్ళు. ముందు గాడిదల మీద తిరిగేవాళ్ళు, తర్వాత సైకిళ్ళ మీద. ఆపదలో పిల్లలు అడ్డం అనుకుంటాం గానీ, పని నేర్పితే వాళ్ళే పెద్ద సాయం అని బేడెన్ పవెల్‌కి అక్కడ తెలిసింది.

లెక్కలో లేనివాళ్ళు

ఇప్పుడు రెండో సంగతి. ఆ ఊళ్ళో తెల్లవాళ్ళ కంటే ఆఫ్రికన్లే కొన్ని రెట్లు ఎక్కువ. ఊరి పక్కనే బరొలాంగ్ తెగ వాళ్ళ గూడెం. వాళ్ళూ తుపాకి పట్టి కాపలా కాశారు. 1900 మే 12న బోయర్లు చివరిసారి లోపలికి చొచ్చుకొస్తే వాళ్ళని పట్టుకోవడంలో బరొలాంగ్ వాళ్ళ చెయ్యి చాలా ఉంది. కానీ తిండి పంచేటప్పుడు తెల్లవాళ్ళకి ఒక లెక్క, నల్లవాళ్ళకి ఒక లెక్క. తెల్లవాళ్ళకి రేషన్ తగ్గినా రోజూ అందింది. ఆఫ్రికన్లు ఓట్ల పొట్టు జావకీ, గుర్రం మాంసం సూపుకీ డబ్బు పెట్టాల్సి వచ్చింది. బయటి ఊళ్ళ నుంచి వచ్చి చిక్కుకున్న ఆఫ్రికన్లు అందరికంటే ఎక్కువ బాధపడ్డారు. ఎంతోమంది ఆకలితో చనిపోయారు. కొందర్ని ఊరు విడిచి పొమ్మన్నారు, బయట బోయర్లు కాచుకుని ఉన్నా సరే.

ఈ సంగతులు రాసి పెట్టినవాళ్ళలో సోల్ ప్లాట్‌యే ఒకడు. బరొలాంగ్ కుర్రాడు. అప్పటికి 23 ఏళ్ళు. కోర్టులో దుబాసీగా పని చేస్తూ రోజూ డైరీ రాశాడు. ఆయన 1932లో పోయాడు, డైరీ 1973లో అచ్చయింది. దొరలు రాసిన కథలో లేనివాళ్ళు ఈ డైరీలో ఉన్నారు. మనలాంటి వాళ్ళు చదువుకుని రాయడం ఎందుకు అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

1900 మే 17న సాయం వచ్చి ముట్టడి విడిపోయింది. ఇంగ్లండులో జనం వీధుల్లో ఎగిరి గంతులేశారు. బేడెన్ పవెల్ 43 ఏళ్ళకే మేజర్ జనరల్ అయ్యాడు. ఆకలితో పోయినవాళ్ళని ఆ సంబరంలో ఎవరూ తలచుకోలేదు.

స్కౌట్ ఉద్యమం

ఇంటికి తిరిగొచ్చేసరికి ఆయన సైనికుల కోసం రాసిన చిన్న పుస్తకాన్ని స్కూలు పిల్లలు చదువుతున్నారు. అయితే వాళ్ళ కోసమే రాద్దాం, ముందు చేసి చూద్దాం అనుకున్నాడు. 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ అనే దీవిలో ఇరవై మంది దాకా పిల్లలతో శిబిరం పెట్టాడు. గొప్పింటి పిల్లలూ, కూలివాళ్ళ పిల్లలూ ఒకే గుడారంలో ఉన్నారు. నాలుగు పాట్రోళ్ళు, అంటే చిన్న దళాలు. ప్రతి దళానికీ ఒక పెద్ద పిల్లవాడు నాయకుడు. తన దళంలో ఎవరు వచ్చారో, ఎవరికి బాగోలేదో అతనే చూసుకోవాలి.

1908లో స్కౌటింగ్ ఫర్ బాయ్స్ పుస్తకం భాగాలుగా వచ్చింది. ఎప్పుడూ సిద్ధంగా ఉండాలన్నది స్కౌట్ల నినాదం. ఇంగ్లీషులో ఆ రెండు మాటల మొదటి అక్షరాలు బి, పి. అవి ఆయన పేరులోవే.

స్కౌట్ వస్తువులు చూడండి. మెడలో స్కార్ఫ్ విప్పితే విరిగిన చేతికి కట్టు. చేతికర్ర మీద అడుగుల గుర్తులుంటే వాగు లోతు కొలవొచ్చు. రెండు కర్రలు, రెండు చొక్కాలు ఉంటే స్ట్రెచరు. తాడు ఉంటే చాలదు, జారని ముడి చీకట్లో కూడా వెయ్యగలగాలి. ఒక్కో వస్తువూ నాలుగు పనులకొస్తుంది, కానీ చేతికి అలవాటైతేనే.

1909లో లండన్‌లో పెద్ద ర్యాలీ జరిగితే ఎవరూ పిలవకుండానే ఆడపిల్లలు కూడా వచ్చి మేమూ స్కౌట్లమే అని నిలబడ్డారు. 1910లో ఆయన చెల్లెలు ఏగ్నెస్ సాయంతో గైడ్స్ మొదలైంది.

మన దేశంలో మొదట బ్రిటిష్, ఆంగ్లో ఇండియన్ పిల్లలనే చేర్చుకున్నారు. ఇక్కడ కూడా అదే లెక్క! అప్పుడు అనీబెసెంట్ అమ్మ 1917లో మద్రాసులో మన పిల్లల కోసం వేరే సంస్థ పెట్టింది. పిల్లలు తలపాగాలు కట్టుకుని, మన పాటలే పాడుకుంటూ స్కౌటింగ్ చేశారు. 1921లో బేడెన్ పవెల్ మన దేశం వచ్చాక ఆ తలుపు తెరుచుకుంది. స్వతంత్రం వచ్చాక 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది.

ఆయన 1941 జనవరి 8న కెన్యాలోని న్యెరిలో కన్నుమూశాడు. సమాధి మీద ఒక సున్నా, మధ్యలో చుక్క చెక్కారు. అడవి దారిలో ఆ గుర్తు ఉంటే ఇంటికి వెళ్ళిపోయాను అని అర్థం.

మన ఇళ్ళలో

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. మధ్యలో 36 ఏళ్ళు. అన్నేళ్ళు అంత ఎత్తున రాకపోతే ఇక రాదనే అనుకుంటాం. అందుకే సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఈ పనులు చేద్దాం.

1. ఆధార్, రేషన్ కార్డు, పట్టా కాగితాలు, బ్యాంకు పుస్తకం, మన సర్టిఫికెట్లు ఒకే పాలిథీన్ కవరులో కట్టి, చేతికందే ఎత్తులో పెట్టాలి.

2. టార్చి, అగ్గిపెట్టె, తాడు, కత్తి, ఒక జత బట్టలు ఒకే సంచిలో ఉండాలి. అగ్గిపెట్టెని మూతున్న డబ్బాలో పెట్టాలి. టార్చి నెలకోసారి వెలిగించి చూడాలి.

3. వానలకి ముందే బియ్యం, ఉప్పు, పప్పు, కొంచెం ఎండు సరుకు అటక మీదకి చేర్చాలి.

4. విరేచనాలైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా పట్టాలి. చెంచా చిన్నది, కొలత తలగొట్టి తీసుకోవాలి. ఇది అందరికీ నోటికి రావాలి.

5. పాము కరిస్తే కొయ్యకూడదు, నోటితో పీల్చకూడదు, గట్టిగా తాడు కట్టకూడదు. కరిచిన కాలు కదలకుండా కర్రతో కట్టి, మోసుకుని ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోన్ చెయ్యాలి. సిగ్నల్ ఊళ్ళో ఎక్కడ దొరుకుతుందో ముందే చూసి పెట్టుకోవాలి.

6. ఇంట్లో ఎంతమంది ఉన్నారో, నడవలేని ముసలివాళ్ళని ఎవరు ఎత్తుకోవాలో, పసిపిల్లల్ని ఎవరు పట్టుకోవాలో ముందే పేర్లు పెట్టుకోవాలి.

ఈ ఆరోదే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. మన హాస్టల్లో కూడా అంతే. రాత్రిపూట మంట అంటుకుంటేనో, గోడ కూలితేనో పెద్ద తరగతుల వాళ్ళం గబుక్కున బయటికి దూకేస్తాం. మూడో తరగతి పిల్లలు నిద్రలోనే ఉంటారు. పదో తరగతి, తొమ్మిదో తరగతి వాళ్ళం ఒక్కొక్కరం ఐదుగురు చిన్నపిల్లల పేర్లు రాసుకుని, నెలకి ఒక రాత్రి బెల్లు కొట్టించి బయట వరసలో లెక్క చూసుకుందామని వార్డెన్ గార్లని కోరుతున్నాను. ఎక్కువ సేపు పట్టదు, పావుగంట చాలు.

బేడెన్ పవెల్ దగ్గర సిద్ధంగా ఉండటం నేర్చుకుందాం. మెఫికింగ్‌లో ఆయన లెక్కలోకి రానివాళ్ళ దగ్గర, ఒక్కర్ని కూడా వదలకుండా లెక్కపెట్టడం నేర్చుకుందాం.

జై హింద్!