చెట్టునీడ చిత్రశాల

మెక్సికో చిత్రకారుడు ఆల్ఫ్రెడో రామోస్ మార్టినెజ్ 1871లో మాంటెరే నగరమున జన్మించెను. పారిస్‌లో పేరుగాంచి 1910లో స్వదేశమునకు మరలివచ్చెను. రాజధానిలోని శాన్ కార్లోస్ కళాశాలలో విద్యార్థులు నాడు నాలుగు గోడల నడుమ నమూనాలకు నకళ్లు గీయుచుండిరి. విసిగి 1911లో సమ్మె కట్టిరి. 1913లో కళాశాలాధిపతియైన మార్టినెజ్ వారిని ఊరివెలుపలి శాంతా అనితాకు కొనిపోయి చెట్లక్రింద బొమ్మలు గీయించెను. అనంతరకాలమున కుడ్యచిత్రములచే ఖ్యాతిగన్న సికేరోస్ అచ్చటి విద్యార్థియే.

1920 నుండి అట్టి బడులు మరికొన్ని వెలసెను. రైతుల పిల్లలకును, ఆదివాసి బాలలకును కుంచె అందెను. నేర్పక నేర్పుట యేమి విద్య యని ఆక్షేపించినవారును కలరు. కాని ఆ పిల్లల చిత్రములు 1926లో ఐరోపా నగరములలో ప్రదర్శింపబడెను, అంతకుమించిన సమాధానమేల?

పసికూతురి ఎముకల వ్యాధి చికిత్సకై ఆయన బడులను విడిచి అమెరికాకు వలసపోవలసివచ్చెను. కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ కళాశాల గోడపై పూలమ్ము స్త్రీలను చిత్రించుచు, అది ముగియకమునుపే 1946లో మరణించెను. ఆ గోడ నేటికిని అట్లే యున్నది.