కొద్ది మళ్లతో రకాన్ని తేల్చిన గాసెట్

విలియం గాసెట్ 1876లో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీలో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, రసాయనశాస్త్రం చదివి, 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కంపెనీలో చేరారు. అక్కడ బార్లీ రకాల పరీక్షలకు మళ్లు కొన్నే ఉండేవి. దిగుబడిలో తేడా విత్తనం వల్ల వచ్చిందా, నేల వల్ల వచ్చిందా అన్నది తేలేది కాదు. కొద్ది నమూనాలతోనే దీన్ని తేల్చే లెక్కను 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో ప్రచురించారు. నేటి టీ-పరీక్షకు మూలం అదే. 1937లో కన్నుమూశారు.

రైతు సోదరులు ఒక్క మడిని చూసి కొత్త రకాన్ని పొలమంతా వేయరాదు. పాత, కొత్త రకాలను పక్కపక్కనే ఐదు చోట్ల వేయాలి. ఏది ఏ పక్కన వేయాలో బొమ్మా బొరుసూ వేసి తేల్చుకోవాలి. దేనికది తూకం వేయాలి. రెండూ సమానమైన రకాలే అయితే, ఐదు చోట్లా కొత్తదే ఎక్కువ పండటం 32లో ఒక్కసారే జరుగుతుంది. మూడు చోట్లే ఎక్కువైతే మరో పంటకాలం చూడాలి.