చెట్టుచేమల చెంత చిత్రకళ నేర్పిన నందలాల్ బోసు

వంగదేశమందలి శాంతినికేతనమున కళాభవనాధ్యక్షులై వెలసిన నందలాల్ బోసుగారి చిత్రములను గూర్చి పలువురు వ్రాసియున్నారు. వారు శిష్యులకు చెట్ల క్రింద చెప్పిన పాఠమును మన గ్రంథాలయ పాఠకులకు తెలుపుటయే ఈ వ్యాసోద్దేశము.

నందలాలుగారు 1882వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన నేటి బీహారులోని ముంగేరు ప్రాంతపు ఖరగ్‌పూరున జన్మించిరి. తండ్రి పూర్ణచంద్రబోసు దర్భంగా సంస్థానోద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి బొమ్మలు చేయుటలో నేర్పరి. బాల్యముననే మట్టిబొమ్మల పని ఆయన మనసు దోచినది. కాలేజీ చదువు మాత్రము వంటబట్టలేదు. పరీక్షలలో పలుమారు తప్పిరి. తుదకు పెద్దలను ఒప్పించి, 1905 ప్రాంతమున కలకత్తా ప్రభుత్వ చిత్రకళా పాఠశాలలో చేరి అవనీంద్రనాథ ఠాకూరుగారి శిష్యులైరి. అటుపిమ్మట అజంతాకు పోయి అచటి కుడ్యచిత్రములకు నకళ్లు వ్రాసిరి.

రవీంద్రకవి కళాభవనమును స్థాపించినది 1919లో. ఆ యేడే ఆయన మన సీమలోని మదనపల్లెకు వచ్చి జనగణమన గీతమును ఆంగ్లీకరించిన సంగతి చదువరులెరుగుదురు. నందలాలుగారు 1922లో కళాభవనాధ్యక్షులై 1951 వరకు ఆ పదవియందుండిరి.

ఆ కాలపు చిత్రకళా పాఠశాలలలో విద్యార్థి పాశ్చాత్య శిల్పముల పోతబొమ్మ ముందు కూర్చుండి మక్కికి మక్కి దించుటే చదువు. నందలాలుగారు పిల్లలను గది వెలుపలికి పంపిరి. అచట ఎర్రనేల, తాడిచెట్లు, సాలవృక్షములు, వసంతమున పూచు మోదుగలు. చూచుటయనగా ఒకమారు కన్నువేసి వచ్చుట కాదు. కొమ్మ మానునుండి ఎట్లు వెడలినది, ఆకులు ఎదురెదురుగా పుట్టినవా మార్చిమార్చి పుట్టినవా, మొగ్గ ఏ కణుపున తలయెత్తినది, గాలికి ఏ భాగము వంగును, ఇట్టివన్నియు కనిపెట్టవలెను. అటుపిమ్మట చెట్టు కంటియెదుట లేకున్నను దానిని గీయగలుగవలెను.

చెట్టును పైనుండి క్రిందికి గీయుట వారికి సమ్మతము కాదు. చెట్టు నేలనుండి పైకి పెరుగును గావున కుంచెయు మొదలునుండి కొనకే సాగవలెనని వారి బోధ. పిదప చలనచిత్ర దర్శకుడై జగత్ప్రసిద్ధుడైన సత్యజిత్ రాయ్ 1940లో అచట చేరి ఈ పాఠమును నేర్చెను. నగరమున పెరిగిన ఆ యువకునకు పల్లెను చూచు కన్ను అచటనే అలవడినది.

ఈ చదువునకు ధనముతో పనిలేదు. ఆచార్యులే చిన్న కార్డులపై చెట్టును, పిట్టను, బాటసారిని గీసి శిష్యమిత్రులకు పంపుచుండెడివారు. 1938లో గాంధీజీ కోరికపై హరిపురా కాంగ్రెసు మహాసభకు గ్రామజీవిత చిత్రములు వ్రాసినపుడు మట్టిరంగులనే వాడిరి. అచటి ఉత్సవములకు వేయు అల్పన మన ముగ్గునకు చెల్లెలివంటిది. ఆకు, తీగె, పువ్వు అందు ప్రాణము. ఆచార్యుల కుమార్తె గౌరీదేవి ఆ అల్పనను నేర్పుటలో పేరుగాంచినది.

మనకు శాంతినికేతనము దూరము. కాని మొక్కలు దూరము కావు. కె.సి. కాలువక్రింది పసుపుతోటను తీసికొనుడు. ఆకు నడిమి ఈనెనుండి ప్రక్క ఈనెలు వాలుగా అంచువరకు సాగును. గట్టుమీది జిల్లేడునకు ఆకులు జంటజంటలుగా పుట్టును. ఒక జంట తూర్పుపడమరలుగా నున్నచో పై జంట ఉత్తరదక్షిణములుగా నుండును. పుట్టినదాదిగా జిల్లేడును చూచినవారమే! చూడక గీయుమన్నచో మనలో ఎందరము గీయగలము?

తెలుగువారిలో కొండపల్లి శేషగిరిరావుగారు (1924–2012) హైదరాబాదున చిత్రకళ అభ్యసించి, శాంతినికేతనమునకు పోయి నందలాలుగారి శిష్యులై, తిరిగివచ్చి హైదరాబాదున పెక్కండ్రకు చిత్రకళ నేర్పిరి.

భారత రాజ్యాంగపు మూలప్రతి పుటలను నందలాలుగారును శిష్యులును చిత్రములతో అలంకరించిరి. 1954లో ప్రభుత్వము వారిని పద్మవిభూషణ బిరుదముతో సత్కరించెను. 1966 ఏప్రిల్ 16న వారు పరమపదించిరి. వారి జన్మదినమునకు ముందు రెండు దినములు కళాభవనమున నందన మేళా జరుగును. విద్యార్థులు తాము చేసిన చిత్రములను, మట్టిబొమ్మలను అచట విక్రయించి, ఆ సొమ్మును తోడి విద్యార్థుల సహాయనిధికి చేర్చుదురు.