లంకల్లో ఆరని పొయ్యి.. డొక్కా సీతమ్మ

పి.గన్నవరం: వశిష్ఠ గోదావరి నుంచి వైనతేయ పాయ చీలే చోట నదిపై రెండు అక్విడెక్టులు పక్కపక్కనే కనిపిస్తాయి. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాలంలో, 1850వ దశకం తొలినాళ్లలో హేగ్ అనే ఇంజినీరు పర్యవేక్షణలో 49 ఖానాలతో నిర్మించినది పాతది. దాదాపు ఒకటిన్నర శతాబ్దం తరువాత కట్టినది కొత్తది. పాత కట్టడం గురించి ఎవరిని అడిగినా కాటన్ దొర పేరు చెబుతారు. కొత్త కట్టడానికి మాత్రం ప్రభుత్వం ఒక గృహిణి పేరు పెట్టింది. ఆమె డొక్కా సీతమ్మ. పాఠశాలలో చదువుకోలేదు, ఏ పదవినీ అధిష్ఠించలేదు, జీవితకాలంలో గోదావరి మండలం దాటి వెళ్లిన దాఖలాలూ లేవు. వంట చేసి వడ్డించడమే ఆమె చేసిన పని.

సీతమ్మ 1841 అక్టోబరులో మండపేటలో జన్మించారు. తండ్రి అనుపిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. ఆకలితో వచ్చినవారికి లేదనకుండా అన్నం పెట్టే గుణం తండ్రిదే. అందుకే ఊరివారు ఆయనను బువ్వన్న అని పిలిచేవారట. ఆమె పుట్టేనాటికి గోదావరి మండలం ఇప్పటి పచ్చని సీమ కాదు. 1832-33 నందన నామ సంవత్సరపు కరువు, 1839లో కోరంగి తీరాన్ని ముంచెత్తిన ఉప్పెన జనాన్ని చెల్లాచెదురు చేశాయి. 1821లో రాజమండ్రి జిల్లాలో 7 లక్షలు దాటిన జనాభా 1841 నాటికి 6 లక్షలకు లోపే మిగిలింది. నది నిండా నీరున్నా పొలానికి చుక్క అందని రోజులవి. అన్నం విలువ ఆ తరానికి ఒకరు చెప్పవలసిన అవసరం లేకపోయింది.

లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న పంతులు ఒకనాడు ప్రయాణంలో మధ్యాహ్నం వేళకు మండపేట చేరి భవానీశంకరం ఇంట భోజనం చేశారని, అతిథి మర్యాదల్లో ఆ ఇంటి చిన్నపిల్ల చూపిన శ్రద్ధ ఆయన మనసులో నిలిచిపోయిందని చెబుతారు. అలా ఆ సంబంధం కుదిరింది. జోగన్న కలిగిన రైతు. పొలం, పాడి, ధాన్యపు పురులు ఉన్న ఇంటికి సీతమ్మ కోడలిగా వచ్చారు.

రేవు దగ్గరి ఇల్లు

ఆ ఇల్లు ఉన్న చోటు గురించి కొంత చెప్పుకోవాలి. అమలాపురం వైపు నుంచి రాజోలు, అంతర్వేది వైపు వెళ్లాలంటే వైనతేయ దాటాలి. నరసాపురం వైపు నుంచి వచ్చేవారికి వశిష్ఠ అడ్డు. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు దిగితే నాటు పడవలు కదలవు. రేవులో చిక్కుకున్నవారు ఒక పూట కావచ్చు, మూడు రోజులు కావచ్చు, నది తగ్గేదాకా ఆగవలసిందే. నాడు పూటకూళ్ల ఇళ్లు పట్టణాలకే పరిమితం. ఉన్న సత్రాల్లోనూ కులాన్ని బట్టి పంక్తి. పసిపిల్లలతో, ముసలివారితో బయలుదేరిన కుటుంబం లంకల్లో చిక్కుకుంటే పస్తు తప్ప వేరే దారి ఉండేది కాదు.

సీతమ్మ ఇంటి తలుపు వారి కోసమే తెరిచి ఉండేది. వేళ తప్పి వచ్చినా పొయ్యి మళ్లీ రాజుకునేది. అర్ధరాత్రి తలుపు తట్టినవారు సైతం అన్నం తినే పడుకున్నారని లంక గ్రామాల పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. వచ్చినవారి కులమేదని ఆమె అడగలేదు. అది 19వ శతాబ్దం, ఆమెది ఆచారం పాటించే బ్రాహ్మణ గృహం అని గుర్తుచేసుకుంటే ఆ అడగకపోవడం ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. ఒక వరద రాత్రి లంకలో చిక్కుకున్న ఒక పంచముడు ఆకలితో కేకలు వేస్తుంటే, ఆమె అన్నం వండి మూటకట్టగా జోగన్న ప్రవాహానికి ఎదురీది తీసుకువెళ్లి అందించారన్న కథ నేటికీ ఇక్కడ వినిపిస్తుంది.

ఇందులో జోగన్న పాత్రను చాలామంది మరచిపోతుంటారు. వండేది ఇల్లాలే అయినా గాదెలో ధాన్యం తరిగేది ఆయనదే. రోజూ పదుల సంఖ్యలో విస్తళ్లు వేయాలంటే ఎన్ని ఎకరాల పంటైనా చాలదు. ధాన్యం దంచాలి, కట్టెలు కొట్టాలి, పాలు తోడు పెట్టాలి, అరిటాకులు కోయాలి. ఖర్చు పెరిగిన కొద్దీ పొలం తరిగిందని, కొంత భూమి అమ్ముకోవలసి వచ్చిందని, ఒక దశలో ఆ దంపతులు ఇక సాగదేమోనని దిగులుపడ్డారని అంటారు. ఆ సమయంలోనే పొలం తవ్వుతుండగా జోగన్నకు లంకెబిందె దొరికిందని ప్రచారంలో ఉంది. బిందె సంగతి నమ్మేవారు నమ్ముతారు. బిందె లేని రోజుల్లోనూ ఆ ఇంట విస్తరి వేయడం ఆగలేదన్నది అంతకంటే పెద్ద సంగతి.

అంతర్వేది దాకా వెళ్లని పల్లకి

ఇల్లు వదిలి కదలడానికి వీలుచిక్కని సీతమ్మకు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవాలన్న కోరిక చాలాకాలం తీరలేదు. ఎట్టకేలకు ఒక ఏడాది పల్లకిలో బయలుదేరారు. దారిలో బోయీలు అలసట తీర్చుకునేందుకు పల్లకి దించిన చోటే, ఎదురు దిక్కు నుంచి వస్తున్న ఒక కుటుంబమూ ఆగింది. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. కొంచెం ఓర్చుకుంటే గన్నవరం చేరతామని, అక్కడ సీతమ్మ గారింట కడుపునిండా తినవచ్చని పెద్దలు వారిని ఊరడిస్తున్నారు. పల్లకిలోంచి ఆ మాటలు విన్న సీతమ్మ వెంటనే పల్లకి వెనక్కి తిప్పమన్నారు. వారికంటే ముందే ఇల్లు చేరి, వారు వచ్చేసరికి వంట సిద్ధం చేశారు. గోదావరి జిల్లాల్లో ఈ ఉదంతం తెలియని ఇల్లు అరుదు. హరికథకులు, ఉపాధ్యాయులు దీనిని ఎన్నో విధాలుగా చెప్పారు.

ఆమె పేరు మద్రాసు ప్రభుత్వం దాకా వెళ్లింది. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక ఉత్సవాలు 1902-03లో జరిగినప్పుడు ఆమెకూ ఆహ్వానం అందిందని, తాను వెళితే ఇంటికి వచ్చేవారికి అన్నం పెట్టేదెవరని ఆమె నిరాకరించారని ప్రతీతి. కనీసం ఛాయాచిత్రమైనా పంపాలని అధికారులు కోరగా, దానికీ ఆమె తొలుత ఒప్పుకోలేదట. ఫొటో లేకుంటే తమ ఉద్యోగాలకే ముప్పని వారు బతిమాలడంతో ఎట్టకేలకు అంగీకరించారని చెబుతారు. తన పేరు కోసం కాక ఎదుటివాడి కూటి కోసం ఒప్పుకున్నారన్నమాట.

సీతమ్మ 1909లో కన్నుమూశారు. అన్నదానం అనగానే గోదావరి సీమలో ఇప్పటికీ ఆమె పేరే ముందు వస్తుంది. అపర అన్నపూర్ణ అనే మాట ఆమె పేరుకు ముందు బిరుదులా స్థిరపడింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం పాఠశాలల్లోని మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. దీంతో కోనసీమ పేరే వినని మారుమూల మండలాల పిల్లలకు కూడా ఆ పేరు పరిచయమైంది.

లంకల గన్నవరం చూడదలచినవారు పి.గన్నవరం మీదుగా వెళ్లవచ్చు. ఏటిగట్టు దిగితే కొబ్బరి, అరటి తోటల మధ్య ఊరు వస్తుంది. వరద రోజుల్లో లంకలకు ఇప్పటికీ పడవలే దిక్కు. ఆనకట్ట నుంచి వచ్చిన కాలువ నీరు అక్విడెక్టు మీదుగా వైనతేయను దాటి రాజోలు వైపు పొలాలకు సాగిపోతుంది.