వద్దన్న గుండెతోనే ఏడు గెలుపులు

మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు. అంకెల్లో చెబితే మనకు అందదు గానీ, మా హనుమాన్ జంక్షన్‌లో బస్సెక్కి, గన్నవరం మీదుగా బెజవాడ బస్టాండులో దిగితే దాదాపు 40 కిలోమీటర్లు. సీటులో కూర్చుని వెళ్లినా నడుం పట్టేస్తుంది. ఆ దూరానికి ఇంకో రెండు కిలోమీటర్లు కలిపి, అంతా కాళ్ల మీదే పరిగెత్తడం అన్నమాట!

అమెరికాలోని బోస్టన్ నగరంలో 1897 నుంచీ ఈ పరుగు జరుగుతోంది. ఏటా జరిగే మారథాన్లలో ప్రపంచం మొత్తం మీద ఇదే పాతది. 1918లో యుద్ధం వల్ల సైనికుల రిలే పందెంగా మారింది. 2020లో కరోనా వల్ల రోడ్డు మీద జరగలేదు. ఆ మరుసటేడు అక్టోబరులో పెట్టారు. మిగతా అన్నేళ్లూ ఏప్రిల్ నెల వచ్చిందంటే ఆ ఊరికి ఇదే తిరునాళ్ల. మొదటిసారి పరిగెత్తింది పదిహేను మందే. ఇప్పుడు వేలమంది వస్తారు. అందులోనూ ఎవరు పడితే వాళ్లు దిగడానికి లేదు. చాలామంది అంతకుముందే మరో మారథాన్‌ను తమ వయసుకు పెట్టిన గడువులోపల పూర్తి చేసి చూపించాలి.

ఆ పరుగు పందాన్ని ఏడుసార్లు గెలిచినవాడు ఈనాటికీ ఒక్కడే. పేరు క్లారెన్స్ డిమార్. ఆయన కథ నాకెందుకు అంత నచ్చిందంటే, అది కాళ్ల కథ కాదు, గుండె కథ.

డిమార్ 1888లో ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. ఎనిమిదేళ్లప్పుడే తండ్రి పోయాడు. ఇంటినిండా పిల్లలు, సంపాదించే చెయ్యి లేదు. ఆ పసివాడు సూదులు, దారపుండలు, పిన్నులు సంచిలో వేసుకుని మైళ్లకు మైళ్లు నడిచి గడప గడపకూ అమ్మాడు. తర్వాత కుటుంబం మసాచుసెట్స్ చేరింది. అక్కడా గడవక తల్లి పిల్లవాణ్ణి బోస్టన్ రేవులో ఉన్న ఒక దీవిలోని బడిలో పెట్టింది. పేదపిల్లలకు వ్యవసాయం, చేతిపనులు నేర్పే బడి అది. కన్నపిల్లాణ్ణి నీళ్లకవతల వదిలి వచ్చిన ఆ తల్లి ఎన్ని రాత్రులు నిద్రపోలేదో! అక్కడ నేర్చిన అచ్చుపనే అతనికి జీవితాంతం అన్నం పెట్టింది.

కాలేజీలో ఉండగా పరుగు అలవాటయింది. అయితే అమ్మకు ఆసరా కావాలని చదువు మధ్యలో ఆపి బోస్టన్‌లో అచ్చాఫీసు పనికి కుదిరాడు. పొద్దస్తమానం నిలబడి చేసే పని. ప్రాక్టీసుకు వేళెక్కడిది? అందుకని ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి పరిగెత్తేవాడు. మార్చుకోడానికి పొడి చొక్కా ఒకటి చేతపట్టుకుని వెళ్లేవాడు. అదే అతని శిక్షణ.

1910లో బోస్టన్ మారథాన్‌లో రెండోవాడుగా వచ్చాడు. 1911లో మళ్లీ దిగబోతుంటే, పరీక్ష చేసిన డాక్టరు గుండెలో ఏదో అదనపు శబ్దం ఉందన్నాడు. అలసట అనిపిస్తే మధ్యలోనే మానెయ్యమనీ, ఇక మీదట ఈ పందాలు కట్టిపెట్టమనీ చెప్పాడు. అప్పటికి డిమార్‌కు ఇంకా ఇరవై మూడు నిండలేదు. ఆ రోజు అతను మానలేదు సరికదా, 2 గంటల 21 నిమిషాల 39 సెకన్లలో చేరి కొత్త రికార్డుతో గెలిచాడు. అప్పట్లో దూరం కాస్త తక్కువ, 39 కిలోమీటర్ల పైచిలుకు.

గెలిచాడు గానీ డాక్టరు మాట మాత్రం మనసులో ముల్లులా ఉండిపోయింది. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో పన్నెండో స్థానం వచ్చాక పందాలు బాగా తగ్గించేశాడు. ఉద్యోగం చేస్తూనే చదువుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యానికి వెళ్లొచ్చాడు. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠాలు చెప్పాడు. పరుగెత్తేవాడికి బంగారంలాంటి ఆ పదేళ్లలో బోస్టన్‌లో ఒక్క గెలుపూ లేదు.

ఇక్కడ మా పిన్ని కూతురి సంగతి చెప్పాలి. అది తొమ్మిదో తరగతిలో ఉండగా బళ్లో వైద్యశిబిరం పెట్టారు. గుండెలో శబ్దం ఉన్నట్టుంది, పెద్దాసుపత్రిలో చూపించండి అని చీటీ రాసిచ్చారు. మావాళ్లు చీటీలో చదివింది పరీక్ష అనే మాట కాదు, గుండె అనే మాట! ఆ రోజు నుంచి దానికి ఆటలు బంద్, మెట్లెక్కడం బంద్. పోనీ ఆసుపత్రికి తీసుకెళ్లారా అంటే, అదీ లేదు. విషయం బయటికి పొక్కితే సంబంధాలు రావని చీటీని బీరువాలో చీరల కింద దాచారు. పెళ్లయి గుడివాడ వెళ్లాక కూడా ఆ పిల్ల అత్తవారికి చెప్పలేక, తనలో తను దిగులుపడుతూ, నీళ్లబిందె ఎత్తాలన్నా గుండె పట్టుకునేది. కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ ఎకో పరీక్ష రాస్తే అప్పుడు తేలింది, గుండె నిక్షేపంగా ఉందని. సంతోషించాల్సింది పోయి ఆ పిల్ల భోరున ఏడ్చింది. పదేళ్లు ఎవరు తిరిగిస్తారు చెప్పండి?

గుండెలో రక్తం పారేటప్పుడు వినబడే అదనపు శబ్దాన్ని మర్మర్ అంటారు. పిల్లల్లో ఇది చాలామందికి ఏ జబ్బూ లేకుండానే ఉంటుంది. గర్భిణుల్లోనూ వినబడవచ్చు. కొందరిలో మాత్రం కవాటం లోపం వల్ల వస్తుంది. చిన్నప్పుడు గొంతునొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరం కూడా కవాటాలను దెబ్బతీస్తుంది. ఏది ఏదో ఎకో పరీక్ష తేలుస్తుంది. డిమార్ కాలంలో అది లేదు. చెవికి వినబడిందే తీర్పు. మనకు ఉంది.

సరే, మళ్లీ బోస్టన్‌కు వెళదాం. 1922లో, ముప్పై మూడేళ్ల వయసులో, డిమార్ మళ్లీ దిగి గెలిచాడు. 1923లో గెలిచాడు. 1924లో పందెం మొదలయ్యే చోటును హాప్కింటన్ అనే ఊరికి జరిపి దూరం పెంచారు. అయినా గెలిచాడు. అదే ఏడు పారిస్ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం తెచ్చాడు. 1927, 1928ల్లో మళ్లీ మొదటివాడు. 1930లో ఏడోసారి గెలిచేనాటికి వయసు నలభై ఒకటి. అంత వయసులో బోస్టన్ గెలిచిన మగవాడు ఇంకొకడు లేడు. అప్పట్లో నగదు బహుమతీ లేదు, అది వచ్చింది 1986లో. డిమార్ బతుకంతా అచ్చుపని చేసి, ఆ పనే విద్యార్థులకు నేర్పి సంసారం నడుపుకున్నాడు. అరవై అయిదేళ్లప్పుడు, 1954లో కూడా బోస్టన్ దారిలో పరిగెత్తాడు.

ఆయన పరిగెత్తిన అన్నేళ్లలో ఆడవాళ్లకు ఆ పందెంలో చోటు లేదు. ఆయన గుండె మీద వేసినట్టే మన ఒంటి మీదా ఒక ముద్ర వేశారు. అంత దూరం ఆడశరీరం తట్టుకోలేదని, గర్భసంచి జారిపోతుందని నమ్మేవారు. పరీక్షించి చెప్పినవాళ్లు లేరు. 1966లో బాబీ గిబ్ అనే అమ్మాయికి పేరు నమోదు చెయ్యనన్నారు. ఆమె మొదలయ్యే చోట పొదల్లో దాక్కుని, గుంపులో కలిసి పరిగెత్తి పూర్తి చేసింది. మరుసటేడు కాథరిన్ స్విట్జర్ పేరులోని పొడి అక్షరాలతో నంబరు తీసుకుని పరిగెడుతుంటే, నిర్వాహకుడొకాయన వెంటపడి ఆ నంబరు లాగెయ్యబోయాడు. ఆమె ఆగలేదు. చివరికి 1972లో ఆడవాళ్లను అనుమతించారు. ఆ ఏడు ఎనిమిదిమంది దిగారు. ఎనిమిదిమందీ పూర్తి చేశారు. నీనా కుసిక్ గెలిచింది.

డిమార్ ఇవేవీ చూడలేదు. 1958లో, డెబ్బయ్యో ఏట, క్యాన్సర్‌తో పోయాడు. చూశారా, గుండెతో కాదు! పోయాక ఆ గుండెను కోసి చూశారు. అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు వైద్యం చేసిన డాక్టర్ పాల్ డడ్లీ వైట్, మరో వైద్యుడు కలిసి 1961లో ఆ వివరాలు ప్రచురించారు. గుండెకు రక్తమిచ్చే నాళాలు మామూలు మనిషికి ఉండేవాటికంటే రెండు మూడు రెట్లు వెడల్పుగా ఉన్నాయి. వయసుతో వచ్చే కొవ్వు కొంత పేరుకున్నా రక్తం పారడానికి అడ్డేమీ లేదు. పరుగు వల్లే అలా అయ్యాయా, పుట్టుకతోనే అంతా అంటే, ఒక్క మనిషిని చూసి తేల్చలేం. కానీ ఇరవై రెండేళ్లకే అనుమానించిన గుండె దాదాపు అర్ధ శతాబ్దం పరిగెత్తిందన్నది మాత్రం కాదనలేని నిజం.

దీన్ని చదివి డాక్టరు మాట పెడచెవిన పెట్టమని నేననడం లేదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే పరుగూ వద్దు, పంతమూ వద్దు. ముందు పరీక్ష చేయించుకోవాలి. నేనడిగేది ఒక్కటే. మీ ఇంట్లోనూ ఏ ఆడపిల్ల పేరుతోనో ఒక చీటీ బీరువాలో పడి ఉంటే, ఈ వారమే బయటికి తీయండి. జబ్బుంటే వైద్యం మొదలవుతుంది. లేకపోతే ఆ పిల్ల రేపటి నుంచే ఆడుకుంటుంది. భయాన్ని మాత్రం పెళ్లి సారెలో పెట్టి పంపకండి.